అంచు కట్టని బుట్ట

జగ్గయ్యపేటలో ఒక సభ. వేదిక మీద చాప పరిచి, మైకు కిందికి దించి, ఎరుకల అవ్వను కూర్చోబెట్టారు. ఆమె చేతికి ఒక కొత్త వెదురుబుట్ట ఇచ్చారు. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నడుముకున్న చిన్న కత్తి తీసి, ఆ బుట్ట అంచు కట్లు కోయడం మొదలుపెట్టింది.

హాల్లో ముందు నవ్వులు, ఆ తర్వాత గుసగుసలు వినిపించాయి. సభ ఏర్పాటు చేసిన తెలుగు లెక్చరరు కుర్చీలోంచి సగం లేచి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కూర్చున్నాడు. ఆయన ముందు బల్ల మీద టేపురికార్డరు తిరుగుతూనే ఉంది. అవ్వ తొందరపడలేదు. అంచుకు చుట్టిన సన్నటి వెదురు పేళ్ళు విప్పి ఒళ్ళో వేసుకుంది. లావు బద్దలు రెండూ తీసి పక్కన పెట్టింది. నిలువు పుల్లలు ఎగుడుదిగుడుగా పైకి లేచి నిలబడ్డాయి. అప్పుడు కథ ఎత్తుకుంది.

చాలాసేపు చెప్పింది. ఒక్కరూ కదల్లేదు. చివరికి ఆగి, ముందు వరసలో కూర్చున్న మనవరాలి వైపు చూసి, "రావే, కట్టు" అంది.

ఆ పిల్ల ఇంటర్మీడియెట్ పూర్తిచేసి అప్పటికి నెలైంది. వేదిక ఎక్కి అవ్వకు ఎదురుగా కూర్చుని బుట్ట ఒళ్ళోకి తీసుకుంది. ఒక పేడు అందుకుని అంచు మీద ఒక చుట్టు చుట్టింది కూడా. మళ్ళీ ఆ చుట్టు విప్పేసింది. పేడును అవ్వ ఒళ్ళో పెట్టి, "ఇప్పుడు కాదవ్వా" అంది. మైకు దగ్గరగా ఉండడంతో ఆ మాట హాలంతా వినపడింది.

సభ అక్కడితో అయిపోయింది. శాలువా కప్పారు, ఫొటో తీశారు. అక్కడున్నవాళ్ళలో చాలామంది పిల్ల సిగ్గుపడిందని అనుకున్నారు. సిగ్గు కాదని నాకు తెలుసు. అది చెప్పాలంటే కొన్నేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

డెబ్బైల మధ్యలో నేను నందిగామలో ఒక దినపత్రికకు విలేకరిగా చేరాను. మునేరు వరద, మిరప ధర, పరిటాల దగ్గర లారీ బోల్తా, ఇవీ మా వార్తలు. రాసిన కాగితాలు కవర్లో పెట్టి సాయంత్రం బస్సు కండక్టరుకిస్తే బెజవాడ చేరేవి. మా అమ్మా నేనూ చందర్లపాడు రోడ్డులో అద్దెకుండేవాళ్ళం. ఆ రోడ్డు చివర కొన్ని ఎరుకల కుటుంబాలు ఉండేవి. వాళ్ళు వెదురు చీల్చి గంపలూ బుట్టలూ అల్లేవాళ్ళు. ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి ఎరుక చెప్పేవాళ్ళు. తమలో తాము మాట్లాడుకునే భాష వేరు. మాతో తెలుగు.

అవ్వ మా ఇంటికి మొదటిసారి వచ్చింది ఎరుక చెప్పడానికే. చేటెడు బియ్యం పోయించుకుని, మా అమ్మ చెయ్యి పట్టుకుని, "నీ కొడుకు కాయితాల మీద బతుకుతాడమ్మా" అంది.

"వాడి జేబులో పెన్ను చూస్తే ఆ మాట నేనూ చెప్తాను" అంది మా అమ్మ.

"చూసి చెప్పేదే ఎరుక తల్లీ. చూడకుండా చెప్తే దాన్ని సినిమా అంటారు."

మా అమ్మ నవ్వు ఆపుకోలేక ఇంకో గుప్పెడు బియ్యం వేసింది. అప్పట్నుంచి అవ్వ వారానికొకసారైనా మా అరుగు మీద కూర్చుని వెళ్ళేది. నన్ను "పేపరు బాబూ" అని పిలిచేది. నేనూ సాయంత్రం కవరు బస్సుకిచ్చాక వాళ్ళ వాకిట్లోకి వెళ్ళి కూర్చునేవాడిని. మిరపకోతల ముందు రోజుల్లో ఆ వాకిలి నిండా బుట్టలే. రైతులు బండ్లు కట్టుకుని వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు.

అమ్మకానికి బుట్టలు అల్లుతూ అవ్వ ఊళ్ళో వాళ్ళందరినీ ఆడిపోసుకునేది. ఎప్పుడో ఏడాదికొకసారి, పండగా పబ్బం చూసుకోకుండా, మంచి వెదురు దొరికిన రోజున, ఒక చిన్న బుట్ట మొదలుపెట్టేది. ఆ బుట్ట అల్లుతున్నంతసేపూ వేరే మాట ఉండేది కాదు. వాళ్ళ ఇంటి కథే చెప్పేది. మిగతా ఎరుకల ఇళ్ళలో ఇలా ఉందో లేదో నాకు తెలియదు. "ఇది మా యింటి పద్ధతి" అనేది అవ్వ.

ఆ కథకు మూడు భాగాలు. అడుగు, గోడ, అంచు. బద్దలు అడ్డం నిలువూ వేసి అడుగు అల్లేటప్పుడు మొదటి సంగతి వచ్చేది. ఒక కొండ ఉండేది. అది కదల్లేదు కాబట్టి అన్నీ చూసింది. ఒక ఆడమనిషి ఉండేది. ఆమె ఒకచోట నిలవదు కాబట్టి ఏదీ పూర్తిగా చూడలేదు. కొండ ఆమెతో, నేను చూసింది నువ్వు మోసుకుపో అంది. చేతుల్లో పట్టుకుంటే మాటలు జారిపోతున్నాయి. అందుకని ఆమె ఆ కొండ మీది వెదురుతోనే మొదటి బుట్ట అల్లింది.

తర్వాత పుల్లలు పైకి వంచి గోడ అల్లేటప్పుడు వాళ్ళ వాళ్ళంతా వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కొక్క చుట్టు. బందరు తీరం నుంచి గాడిదల మీద ఉప్పు వేసుకుని ఈ మెట్ట ఊళ్ళకు తెచ్చి, ధాన్యానికి మార్చుకున్నవాళ్ళు. దారిలో గాడిద ఈనితే వారం రోజులు అక్కడే ఆగిపోయినవాళ్ళు. ఆ తర్వాత ఇనప గాడిద వచ్చింది. అది గడ్డి తినదు, ఈనదు, ఊరందరి ఉప్పూ ఒక్కటే మోస్తుంది. రైలుకు ఆ కథలో అదే పేరు. ఉప్పు బేరం పోయాక దొరల చట్టం వచ్చింది. ఎరుకలవాళ్ళందరినీ పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. రాత్రిపూట మునసబు చావిడి ముందు నిలబెట్టి పేర్లు పిలిచేవాళ్ళు. ఈ భాగం చెప్పేటప్పుడు అవ్వ గొంతు పెంచేది కాదు, తగ్గించేది కాదు. చేతులు మాత్రం ఇంకాస్త బిగించి అల్లేవి.

చివరిది అంచు. అందులో జరిగిపోయింది ఉండదు, జరగబోయేది ఉంటుంది. దాన్ని అల్లినవాళ్ళు కట్టకూడదు. ఇంట్లో తర్వాతి ఆడపిల్ల కట్టాలి. కడుతూ, రాబోయే రోజుల గురించి తన మాట తాను చెప్పాలి. జీవితంలో ఒక్కసారే. అప్పటిదాకా అల్లిన బుట్టలకు అంచు కట్టరు, పాత అంచు మాటే నోటితో చెప్తారు. ఆ పిల్ల చెప్పింది అప్పటినుంచి ఆ కథకు అంచు అవుతుంది. అంతకుముందున్న అంచు గోడలోకి ఎక్కి పాత సంగతుల్లో ఒకటైపోతుంది.

"పెద్దది అల్లాలి, చిన్నది కట్టాలి" అనేది అవ్వ. "నాబోటిదానికి ముందు జరిగేది ఏముంది? చావు. దాన్ని తెచ్చి అంచుకి కట్టమంటావా?"

"మరి మాకందరికీ ఎరుక చెప్తావుగా, అది ముందు జరిగేదేగా?" అన్నాను ఒకసారి.

"అది బియ్యానికి చెప్పేది బాబూ. ఇది బియ్యానికి చెప్పేది కాదు."

అవ్వ తన చిన్నతనంలో కట్టిన అంచు ఇది: మునసబు చావిడి ముందు మన పేర్లు పిలవని రాత్రి ఒకటి వస్తుంది. ఆ రాత్రి మనవాళ్ళకు నిద్రపట్టదు. ఇంకా పిలవరేమని లేచి కూర్చుంటారు.

అది నిజంగానే జరిగింది. చట్టం పోయింది. "మా నాయన లేచి కూకున్నాడయ్యా" అని చెప్పేది అవ్వ, ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోతూ. "పడుకో నాయనా, ఇంక పిలవరంట అంటే, ఒకేళ మర్చిపోయారేమో, నేనే ఎళ్ళి చెప్పొస్తా అంటాడు!"

కానీ అది జరిగి ఎన్నో ఏళ్ళయినా కథలో మాత్రం ఇంకా అంచు దగ్గరే ఉండిపోయింది. అవ్వకు ఒక్కతే కూతురు. పిల్లను కని, తన వంతు రాకుండానే చనిపోయింది. ఇక మిగిలింది మనవరాలు. ఆ పిల్ల అంచు కడితే తప్ప అవ్వ గోడలోకి ఎక్కదు.

"అప్పటిదాకా నేను కథ బయట కూకున్నదాన్నే" అంది నాతో. పిల్ల ఇంటరు పూర్తయిన ఆ ఏడు ఆమె కళ్ళకు పొర కమ్మింది. పేడు సన్నదో లావుదో చూపుతో కాక బొటనవేలితో తెలుసుకుంటోంది. పిల్లకు బందరులో టీచర్ ట్రైనింగు సీటు వచ్చింది. వెళ్ళేలోపు అంచు కట్టించాలని అవ్వ ఆరాటం.

జగ్గయ్యపేట సభ ఆ ఎండాకాలంలోదే. అక్కడి లెక్చరరు నాకు స్నేహితుడు. పల్లెల్లో తిరిగి నోటి కథలు సేకరించేవాడు. నా ద్వారా అవ్వ సంగతి విని, టేపురికార్డరు భుజాన వేసుకుని నందిగామ వచ్చాడు. వాకిట్లో కూర్చుని ఎంతో గౌరవంగా, "ఈ కథ ఎప్పటిదమ్మా?" అని అడిగాడు.

అవ్వ ఒళ్ళోని బుట్ట చూసుకుని, "నిన్న మజ్జానం మొదలెట్టా బాబూ" అంది.

మంచివాడు. ఆమెను బస్సులో బరువులు మోయనివ్వకూడదని, "మీరు ఊరికే రండి, బుట్ట మేమే ఏర్పాటు చేస్తాం" అని మాట ఇచ్చాడు. అన్న ప్రకారం జగ్గయ్యపేట బజారులో ఉన్నవాటిలో అందమైన బుట్ట ఏరి కొన్నాడు. అది పూర్తయిన బుట్ట. అంచు కట్టేసి ఉంది. ఆ ఇంటి లెక్కలో అది ఎవరో ముగించేసిన కథ. దానికి మళ్ళీ కథ చెప్పడం అవ్వ వల్ల కాదు. అందుకే కత్తి తీసింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ బుట్ట అవ్వ ఒళ్ళోనే ఉంది. కండక్టరు వచ్చి, "ఏందవ్వా, బుట్టకి పళ్ళు మొలిచినయ్యి? దీనిక్కూడా టిక్కెట్టు కొట్టాల" అన్నాడు.

"కొట్టు. కూకోడానికి సీటు చూపిచ్చి మరీ కొట్టు."

బస్సంతా నవ్వింది. మనవరాలు నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చిల్లకల్లు దాటాక అవ్వ అడిగింది.

"ఏమే, అంతమందిలో నా పరువు తీశావు. నోట్లో మాట లేదా?"

"ఉంటే చెప్పేదాన్నిగా."

"ఏదో ఒకటి అనాల్సింది."

"ఏదో ఒకటి ఎట్టా అంటానవ్వా? నువ్వు చెప్పింది జరిగింది. నేను చెప్పింది జరక్కపోతే?"

"జరక్కపోతే ఏమైంది? మా అమ్మమ్మ, ఉప్పు మళ్ళీ మన గాడిదల మీదకొచ్చుద్ది అంది. వచ్చిందా? మన గాడిదలే లేవు. అయినా గోడలో ఉందిగా. ఆశ పడితే జరిగినట్టే లెక్క మనకి."

పిల్ల కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. మెల్లగా అంది. "అదే నా బాధ. నాకేం ఆశో నాకే తెలవలా. ఉజ్జోగమా, ఇల్లా, అవి అందరికీ కావాల్సినియ్యే. అంచుకి కట్టాక నా కూతురు దాన్ని మోయాలి, దాని కూతురు మోయాలి. తెలవకుండా బరువు ఎత్తమంటావా?"

అవ్వ నా వైపు తిరిగింది. "చూశావా పేపరు బాబూ? ఇంటరు చదివిస్తే ఇట్టా అవుద్ది."

తిట్టినట్టే అంది. కానీ బస్సు నందిగామలో ఆగేదాకా ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.

కథ పూర్తికాలేదని, ఎందుకు కాలేదో కూడా నేను రాసి పంపాను. మర్నాడు పేపర్లో 'ఎరుకల వృద్ధురాలికి ఘనసన్మానం' అని నాలుగు వాక్యాలు వచ్చాయి. కథను ఆసాంతం రక్తి కట్టించి శ్రోతలను అలరించిందని డెస్కులో ఎవరో దిద్దారు. అవ్వ చదివి వినిపించమంది. చదివాను.

"అయితే అంచు కట్టేశారా మీవాళ్ళు?"

"కట్టేశారవ్వా."

"ఏం చెప్పి కట్టారంట?"

"అది రాయలేదు."

"కట్టారంట, ఏం చెప్పారో రాయలేదంట! చూడవే పిల్లా, పేపరోళ్ళకి నీ అంత బయం లేదు." పడీపడీ నవ్వింది. ఆ కాగితం ముక్క మడిచి బియ్యం కుండ మీద మూతగా వేసింది.

లెక్చరరుకు జరిగింది తెలిశాక మనసు కుదరలేదు. వారం తిరక్కుండా ఒక లారీ డ్రైవరును పట్టుకుని, ఖమ్మం వైపు నుంచి మంచి వెదురు ఒక మోపు తెప్పించి అవ్వ వాకిట్లో దింపించాడు. దానితో పాటు ఒక సలహా కూడా తెచ్చాడు. అంచుకు కావలసిన మాటలు తాను రాసిస్తాననీ, చదువు వల్ల వెలుగు వస్తుందనే భావం పెడితే బావుంటుందనీ పిల్లతో అన్నాడు.

"మీ ఆశ మీ అమ్మాయి కడుద్దిలెండి సార్" అంది ఆ పిల్ల, ఏమాత్రం కోపం లేకుండా. ఆయన తల ఊపి, "నిజమేనమ్మా" అన్నాడు. ఆ పూట అక్కడే జొన్నరొట్టె తిని వెళ్ళాడు.

పిల్ల బందరు వెళ్ళే ముందురోజు మధ్యాహ్నం నాకు కబురు వచ్చింది. వెళ్ళేసరికి వాకిట్లో నీడన అవ్వ ఊరికే కూర్చుని ఉంది, చేతుల్లో ఏమీ లేదు. లెక్చరరు తెచ్చిన వెదురు చీల్చి, మనవరాలు అడుగు అల్లుతోంది. కథ కూడా తనే చెప్తోంది. వాళ్ళ భాషలో మొదలుపెట్టింది. నేను కూర్చున్నాక తెలుగులోకి మారింది.

ఆ పిల్లకు కథ మొత్తం వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. అవ్వకూ తెలియదేమో. కొండ వచ్చింది, ఆడమనిషి వచ్చింది, ఉప్పు వచ్చింది. ఇనప గాడిద దగ్గర అవ్వ కంటే బాగా నవ్వించింది. అది కూత పెడితే ఊళ్ళోని అసలు గాడిదలన్నీ బదులు పలికాయని, ఆ పెళ్ళి మాత్రం కుదరలేదని సొంతంగా కలిపింది. అవ్వ ప్రతి మాటకూ ఊ కొడుతోంది. నన్ను కూడా ఊ కొట్టమని మోచేత్తో పొడిచింది.

చావిడి, పేర్లు, చట్టం అయిపోయాయి. గోడ అక్కడితో ఆగాలి. పిల్ల ఆగలేదు. ఇంకొక పేడు తీసి అల్లుతూ, "తర్వాత ఒక కూతురు. ఆమె వంతు రాలేదు. ఏం చెప్పేదో ఎవరికీ తెలవదు. ఆమెకీ ఒక చుట్టు" అంది.

అది పద్ధతి కాదు. అంచు కట్టనివాళ్ళకు గోడలో చోటు లేదు. అవ్వ ఊ కొట్టడం ఆగిపోయింది. మసక కళ్ళతో ఆ చుట్టు వైపు చూస్తూ ఉండిపోయింది. పిల్ల చేతులు మాత్రం ఆగలేదు. ఆ చుట్టు సగం తిరిగింది, ముప్పాతిక తిరిగింది. అప్పుడు, "ఊ" అంది అవ్వ.

చుట్టు పూర్తయింది. అవ్వ చెయ్యి చాచి ఆ పేడును తడిమింది. మొదటినుంచి చివరిదాకా బొటనవేలితో రాస్తూ పోయింది. "గట్టిగానే అల్లావు" అంది.

ఇక అంచు. లావు బద్దలు పక్కనే సిద్ధంగా ఉన్నాయి. పిల్ల వాటిని ముట్టుకోలేదు.

"ఇట్టాగే తీసుకుపోతానవ్వా. ఏం కావాలో తెలిసిన రోజున కడతా. నీ ముందే కడతా."

"అల్లిందీ నువ్వే, కట్టేదీ నువ్వేనా? కానీలే, నేనుండగా కడితే ఇంటా. లేకపోతే నా బదులు ఎవరన్నా ఊ కొట్టండి." మళ్ళీ అంది. "బందరు పోతున్నావు. మనోళ్ళు వచ్చిన ఉప్పుదారేలే అది. ఎనక్కి నడుస్తున్నావు. అక్కడ నీళ్ళు ఉప్పగా ఉంటయ్యి. మజ్జిగ తాగు."

మర్నాడు బస్సు ఎక్కించడానికి నేనూ వెళ్ళాను. బుట్టలో తువ్వాలు పరిచి అందులో రెండు పుస్తకాలు పెట్టుకుంది. పుల్లలు గుచ్చుకుంటున్నాయని పక్క సీటావిడ సణిగింది.

పిల్ల ట్రైనింగు రెండో ఏడాదిలో ఉండగా వర్షాకాలంలో అవ్వ చనిపోయింది. నాలుగు రోజుల జ్వరం. కబురు అందుకుని మనవరాలు వచ్చేసరికి అవ్వకు మాట పడిపోయింది. వాళ్ళిద్దరి మధ్యా ఆ రాత్రి ఏమైనా జరిగిందేమో నాకు తెలియదు, నేను అడగలేదు. మా అమ్మ ఆ రోడ్డు చివరి దాకా నడిచి వెళ్ళి చూసి వచ్చింది.

తర్వాత ఆ పిల్లకు ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది. ఎనభైల చివర్లో నేను ఒక వార్త పని మీద రెడ్డిగూడెం వెళ్ళినప్పుడు బడి వదిలే వేళ ఎదురుపడింది. "సార్, మీరేనా! జుట్టంతా ఏం చేశారు?" అని పలకరించి ఇంటికి తీసుకెళ్ళింది. నాలుగేళ్ళ కూతురు వాకిట్లో మట్టి తవ్వుతోంది. టీ తాగుతూ చాలా మాట్లాడుకున్నాం. నందిగామలో ఇప్పుడు బుట్టలు కొనేవాళ్ళు తగ్గారనీ, ప్లాస్టిక్ తట్టలు వచ్చాయనీ, ఆ రోడ్డు చివరి ఇళ్ళలో సగం మంది కూలికి పోతున్నారనీ చెప్పాను. తనకు తెలుసంది. బడిలో పిల్లలకు ఇనప గాడిద వరకు చెప్తుందట. వాళ్ళు రోజూ అదే అడుగుతారట. కూతురికి మాత్రం మొదటినుంచీ, వాళ్ళ భాషలోనే చెప్తోందట.

"చివరిదాకానా?" అని అడిగాను.

"మా అమ్మ చుట్టుదాకా" అంది. "అంచు దగ్గర అవ్వ మాటే చెప్తున్నా. నాది ఇంకా రాలేదండి."

"ఏం కావాలో తెలియలేదా?"

"ఒకటి రెండు సార్లు తెలిసినట్టే అయింది. కట్టబోయి, ఇది నాకు కావాల్సిందా, దానికి కావాల్సిందా అని ఆగిపోయా." వాకిట్లో మట్టి తవ్వుతున్న పిల్ల వైపు చూసింది. "తొందరేముంది, అవ్వే ఓపిక పట్టింది అంటారు మావారు. అవ్వకి ఓపిక లేదని మీకూ నాకూ తెలుసు."

నేను ఇది రాస్తున్న నాటికి ఆమె అంచు కట్టలేదు. అందుచేత ఆ ఇంటి కథలో అవ్వ ఇంకా గోడలోకి ఎక్కలేదు. మునసబు చావిడి ముందు పేర్లు పిలవని ఆ రాత్రి రాబోతున్నదనే ఆమె కూతురు ఇంకా వింటోంది.